ప్రామాణిక మానవుడు

మాణిక్యాంబకూ భీమేశ్వరరావుకూ పెళ్లి కుదిర్చింది జాతకాలు కాదు, పేర్లు. ద్రాక్షారామంలో ఆ స్వామి పక్కన ఈ అమ్మవారు ఉంటుంది కాబట్టి వేరే పొంతన చూడనక్కర్లేదని రెండు వైపుల పెద్దలూ తేల్చేశారు. పేర్లు తప్ప మరేమీ చూడకపోవడం వల్ల పెళ్లినాడు పీటల మీద చిత్రమైన దృశ్యం కనిపించింది. పెళ్లికొడుకు కూర్చుంటే పీట కనిపించింది గాని పెళ్లికొడుకు కనిపించలేదు. పెళ్లికూతురు కూర్చుంటే పెళ్లికూతురు కనిపించింది గాని పీట కనిపించలేదు. అప్పటినుంచీ వాళ్లిద్దరూ కలిసి వీధిలోకి వెళ్తే ఎవరో ఒకరు మొహం తిప్పుకుని నవ్వడం మామూలైపోయింది. మాణిక్యాంబ పట్టించుకోవడం మానేసింది. భీమేశ్వరరావు మాత్రం మానలేకపోయాడు. రెండు అడుగులు ముందు నడిచేవాడు.

ఆయన ప్రమాణాల మండలి జిల్లా ఆఫీసులో తనిఖీదారు. కొట్లలో వాడే తూకం రాళ్లు సరిగ్గా ఉంటే ముద్ర వేయడం, లేకపోతే జప్తు చేయడం ఆ ఆఫీసు పని. ఇందుకోసం బీరువాలో, ముఖమల్ పరిచిన పెట్టెలో, ఇత్తడి రాళ్లు కొన్ని ఉంటాయి. వాటిని ప్రమాణాలంటారు. వాటిని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చెమట అంటితే బరువు మారుతుంది. గుడ్డ తొడుగులు వేసుకుని పట్టుకోవాలి. కొట్టులో రాయికీ, పెట్టెలో రాయికీ తేడా వస్తే తప్పు ఎప్పుడూ కొట్టు రాయిదే. ప్రమాణంలో తప్పుండవచ్చునన్న ఊహే మండలి నియమావళిలో లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఆ తరవాత జరిగినదంతా ఎంతో సబబుగా కనిపిస్తుంది.

ఆ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యం బాగుపడాలి, ఎవరి ఆఫీసులో వారు తగిన చర్య తీసుకోవాలి, అని. తక్కిన ఆఫీసులవాళ్లు యోగా చాపలు కొని, ఫొటోలు తీయించుకుని, చాపలు చుట్టి అటక మీద పెట్టేశారు. ప్రమాణాల మండలి జిల్లా అధికారి పాండురంగం గారికి ఇది చిన్నతనంగా తోచింది. ఆయన సిబ్బందినంతా పెరట్లోకి పిలిచి మాట్లాడారు.

"ఆరోగ్యం అంటే ఏమిటి? తగిన బరువు. తగిన బరువు అంటే ఏమిటి? అది మన శాఖ. కావున ఆరోగ్యం మన శాఖ. ఈ విషయాన్ని ఇన్నాళ్లూ వైద్యులు అనధికారికంగా నిర్వహించారు. ఇకపై ఆ లోటు ఉండదు."

ఎత్తుకు ఎంత బరువుండాలో తెలిపే పట్టిక ఒకటి ఉందని ఎవరో అన్నారు. పాండురంగం గారు ఆ మాటను చేత్తోనే పక్కకు తోసేశారు. "కాగితం ప్రమాణం కాదండీ. కాగితాన్ని కాటాలో వేస్తామా? ప్రమాణం అన్నది వస్తురూపేణా ఉండాలి."

కనుక మనిషిని తూచాలంటే ప్రమాణంగా ఒక మనిషి కావాలి. పెరట్లో బెల్లం బస్తాలు తూచే పెద్ద కాటా మీద ఒక్కొక్కరినీ ఎక్కించారు. పట్టికతో గ్రాము తేడా లేకుండా సరిపోయిన ఒకే ఒక్కడు భీమేశ్వరరావు. అంతటితో పట్టికను చింపేసి, ఆయన్ని ఉంచుకున్నారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది: "తనిఖీదారు శ్రీ భీమేశ్వరరావును జిల్లా ప్రామాణిక మానవునిగా ఇందుమూలముగా ప్రకటించడమైనది. వారి ఎత్తు బరువుల నిష్పత్తియే ఇకపై ఆరోగ్యమని భావింపవలెను."

ఆ నిష్పత్తికి ఇంచుమించుగా సరిపోయినవాళ్లకు మణికట్టు మీద ఊదారంగు ముద్ర వేశారు. సరిపోనివాళ్లకు ఇంక్రిమెంటు ఆగింది. ప్రామాణిక మానవుడికి మటుకు బీరువా పక్కన గాజు గది కట్టించారు. అందులో ఏసీ, ముఖమల్ కుర్చీ. అటెండరు సూరయ్యకు గుడ్డ తొడుగులిచ్చారు. ఇంటినుంచి జీపులో తీసుకువచ్చి, చెమట పట్టకుండా కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రం జీపులోనే దిగబెట్టేవారు.

"వేరే పనేం లేదా మీకు?" అంది మాణిక్యాంబ.

"ఉండటమే పని," అన్నాడు భీమేశ్వరరావు. ఆయన కళ్లలో అంత వెలుగు ఆమె పెళ్లినాడు కూడా చూడలేదు. "ఇవాళ జనం నన్ను చూడ్డానికి వచ్చారు మాణిక్యం. గాజుకవతల నిలబడి చూశారు. ఒక్కరూ నవ్వలేదు."



రెండో ఉత్తర్వు కుటుంబాల గురించి. ఉద్యోగి ఇంట్లో ఉన్న అధిక బరువు ఉద్యోగి బరువులో భాగమేనని పాండురంగం గారు సెలవిచ్చారు. ఒక ఆదివారం భార్యలందరూ మంచి చీరలు కట్టుకుని బెల్లం కాటా ముందు వరసలో నిలబడ్డారు. మాణిక్యాంబ ఎక్కగానే కాటా ముల్లు ఒక్క ఊపులో చివరికంటా వెళ్లి, అక్కడే వణుకుతూ ఉండిపోయింది. మర్నాడు భీమేశ్వరరావుకు మెమో వచ్చింది.

"తమ భార్య ప్రమాణము కన్న హెచ్చుగా ఉన్నట్లు కనుగొనబడినది. నెల దినములలో సరిచేయని యెడల తమ పదోన్నతి విషయము పరిశీలింపబడదు."

"సరిచెయ్యడానికి నేనేమన్నా తూకం రాయినా?" అంది మాణిక్యాంబ.

"కోప్పడకే. రాళ్లకి కూడా ఇలాగే రాస్తాం," అన్నాడాయన, ఊరడిస్తున్నట్టు.

ఆమె పదోన్నతికి అడ్డు రాదలచుకోలేదు. వీధి చివర ఆసుపత్రి నడుపుతున్న డాక్టర్ జరీనా దగ్గరికి వెళ్లి, నెల్లాళ్లలో సగమైపోయే మందేదన్నా ఇమ్మంది. జరీనా మందివ్వలేదు. నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచింది, బీపీ చూసింది, రక్తం తీయించింది. మర్నాడు రిపోర్టులు తిరగేస్తూ తల ఊపింది.

"షుగర్ బావుంది, కొవ్వు బావుంది, బీపీ బావుంది. పొద్దున్నే నడుస్తారా?"

"రైతుబజారుకి నడిచే వెళ్లొస్తాను. జీపు ఆయనకే."

"నడవండి. ఇంకొంచెం తగ్గితే మోకాళ్లు మీకు దణ్ణం పెడతాయి. అంతకుమించి ఇప్పుడు కంగారేం లేదు. కాటా పైకెక్కినవాళ్లని చూస్తుంది మాణిక్యాంబ గారూ, లోపల ఏం జరుగుతోందో దానికి కనిపించదు. లావుగా ఉన్నవాళ్లలో ఈ జబ్బులు ఎక్కువే. అలాగని సన్నంగా ఉన్నవాళ్లకి రావని ఎవరూ రాసివ్వలేదు. ఇంట్లో ఇంకెవరికన్నా ఏమన్నా ఇబ్బందుందా?"

మాణిక్యాంబ ఆలోచించింది. "ఇబ్బందని కాదు గాని, మావారు బిందెడు నీళ్లు తాగుతున్నారు. ఏసీ గదిలో గొంతు ఆరిపోతోందంటారు. పొద్దున్న చూస్తే బాత్రూము గడపకి చీమలు బారులు కడుతున్నాయి. ఎంత కడిగినా పోవు. మా ఇంట్లో అక్కడ పంచదారెందుకుంటుంది చెప్పండి."

జరీనా రాస్తున్న కలం ఆపేసింది. "ఆయన బరువు తగ్గుతున్నారా?"

"ఆయన తగ్గకూడదండీ. ఆయన ప్రమాణం."

"రేపు తీసుకురండి. వేలికొసన ఒక్క చుక్క చాలు."

ఆ ఒక్క చుక్క దగ్గరే వచ్చింది చిక్కు. సంగతి వినగానే భీమేశ్వరరావు చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. "నా రక్తం నాది కాదే ఇప్పుడు. అనుమతి కావాలి."

మాణిక్యాంబ క్యారేజీ పట్టుకుని స్వయంగా ఆఫీసుకు వెళ్లింది. పాండురంగం గారు ఆమెను కూర్చోమన్నారు; కుర్చీ వైపు ఒకసారి సందేహంగా చూశారు కూడా.

"చుక్క అంటారు. చుక్కంటే ఎంతమ్మా? ఎంత రక్తం తీస్తే అంత బరువు ప్రమాణంలో తరిగిపోతుంది. రేపు జిల్లాలో లెక్కలన్నీ తప్పుతాయి. దానికి బాధ్యులెవరు?"

"ఆయన ఒంట్లో బాగుండటం లేదండీ."

"అదెలా సాధ్యం? ఆరోగ్యమంటేనే వారు. వారి ఒంట్లో ఏముందో అదే బాగుండటం." పాండురంగం గారు ఎంతో ఓపికగా చెప్పారు. "పైగా మీ డాక్టరమ్మ దగ్గరున్న మిషనుకు మా ముద్ర లేదు. ముద్ర లేని వస్తువుతో ప్రమాణాన్ని పరీక్షించడమంటే, పచారీ కొట్టు రాయితో మా ఇత్తడి రాయిని తూచినట్టు. ప్రమాణాన్ని పరీక్షించాలంటే అంతకన్న పెద్ద ప్రమాణం కావాలి. అది రాజధానిలో ఉంటుంది. రాస్తాను."

రాశారు. జవాబు రాలేదు.

ఈలోగా నెలవారీ తూకం వచ్చింది. భీమేశ్వరరావు రెండు కిలోలు తగ్గాడు. మరో ఆఫీసైతే ఆయన తగ్గాడని అనుకునేవారేమో. ప్రమాణాల మండలిలో అలాంటి పొరపాటు జరగదు. ప్రమాణం మారదు కాబట్టి, జిల్లా సిబ్బంది యావన్మందీ ఏకకాలంలో బరువు పెరిగారని తేల్చారు. అంతకుముందు ఊదా ముద్ర వేసినవాళ్లను పిలిచి, స్పిరిటుతో చెరిపేసి పంపారు. మరుసటి నెల ఇంకా మూడు తగ్గాడు. ఈసారి గుమాస్తా అప్పలనర్సు అనే బక్కపలచటి మనిషికి కూడా స్థూలకాయం అంటగట్టారు. అతను ఇంటికి వెళ్లి మంచమెక్కాడు.

అప్పలనర్సు భార్య హైమ పరుగెత్తుకుంటూ వచ్చింది. "పిన్నిగారూ, బాబాయిగారికి ఏం పెడుతున్నారో చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన నెలనెలా సన్నబడుతుంటే మావారి నెత్తి మీదికొస్తోంది."

"ఏం పెడతానమ్మా, మామూలు తిండే. నీరసమని దారిలో చెరుకురసం తాగుతున్నారట. సాయంత్రం వచ్చీ రాగానే నాలుగు కాజాలు. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు."

హైమ కళ్లు పెద్దవి చేసుకుంది. మాణిక్యాంబ ఆపేలోపే వెళ్లిపోయింది. మూడో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది: "ప్రామాణిక మానవుని ఆహార విహారములను సిబ్బంది యావన్మందియు విధిగా అనుసరింపవలెను." ఆఫీసు గుమ్మంలో చెరుకురసం బండి వెలిసింది. సాయంత్రం హాజరు తరవాత తలా నాలుగు కాజాలు పంచేవారు. ప్రమాణం గంటకోసారి బాత్రూముకు వెళ్తుంది కాబట్టి అందరూ గంటకోసారి వెళ్లాల్సి వచ్చింది. ఉన్నది ఒకటే బాత్రూము కావడం వల్ల తనిఖీలు మానేసి వరసలో నిలబడేవారు. కొట్లవాళ్లు మాత్రం ఆ రోజుల్లో ఎంతో సుఖపడ్డారు.

భీమేశ్వరరావుకు చూపు మసకబారింది. పేపరు వాళ్లు సిరా తగ్గిస్తున్నారని విసుక్కునేవాడు. చొక్కా భుజాల మీదినుంచి జారిపోయేది. మాణిక్యాంబ మందలించబోతే, "గాజుకవతల నిలబడి చూస్తారే," అనేవాడు. ఆ గాజుకు ఆమె మనసులో నూరు శాపాలు పెట్టింది.

ఆ రోజు ఆమె క్యారేజీతో వెళ్లేసరికి గాజు గది చుట్టూ జనం మూగి ఉన్నారు. లోపల ముఖమల్ కుర్చీ ఖాళీగా ఉంది. ప్రామాణిక మానవుడు నేల మీద ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు అందరూ?" అంది.

"తొడుగుల కోసం ఎదురు చూత్తున్నామండీ," అన్నాడు సూరయ్య. "ఉతకడానికి చాకలికేశాను. వట్టి చేత్తో పట్టుకుంటే మెమో ఇచ్చేత్తారమ్మగారూ."

పాండురంగం గారు చేతులు అడ్డం పెట్టారు. "తొందరపడకండమ్మా. కూలిన ప్రమాణాన్ని ఎత్తడానికి ఒక పద్ధతి..."

ఆయన్ని పక్కకు తొయ్యాలని మాణిక్యాంబ అనుకోలేదు. ఆమె ముందుకు నడిచింది, అంతే. దారిలో ఉన్నవాళ్లు తలుపులు వాటంతటవే తెరుచుకున్నట్టు అటూ ఇటూ అయ్యారు. లోపలికి వెళ్లి వంగి, మొగుణ్ణి రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకుంది. ఎత్తాక ఒక్క క్షణం ఆగిపోయింది. బరువై కాదు. బజారునుంచి రెండు సంచులు తెచ్చుకున్నప్పుడు కూడా ఇంతకన్న బరువుండేది. ఈ మనిషి ఎప్పుడు ఇంత తేలికైపోయాడో, పక్కనే ఉన్న తనకు తెలియలేదు.

మెట్లు దిగి ఆటోలో పడుకోబెట్టింది. వెనకనుంచి పాండురంగం గారి గొంతు వినిపించింది. "రసీదు... ప్రమాణాన్ని బయటికి తీసుకెళ్తున్నట్టు రసీదైనా ఇవ్వండమ్మా."

డాక్టర్ జరీనా చుక్క రక్తం మిషనుకు చూపిస్తే, అంకె చెప్పడం తన వల్ల కాదని అది చేతులెత్తేసింది. సెలైను ఎక్కించారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. "షుగరు రక్తంలో నిండిపోయి ఉంది, ఒంటికేమో అందలేదు," అంది జరీనా. "అందుకే కండంతా కరిగిపోయింది. ఇంకో రోజు ఆగితే నాకు పనుండేది కాదు."

మర్నాడు పాండురంగం గారు పరామర్శకు వచ్చారు. మంచం పక్కన వేలాడుతున్న సీసా కేసి చాలాసేపు చూశారు.

"అందులో ఎంతుంది?"

"సగం అయిందండీ."

"ఆ సగం ఎక్కడికి పోయింది?"

"ఆయనలోకి."

పాండురంగం గారి ముఖం పాలిపోయింది. "ప్రమాణంలోకి బయటి పదార్థం చేర్చారా? ఎవరి అనుమతితో?"

"అది చేర్చకపోతే ప్రమాణమే పోయేదండీ," అంది మాణిక్యాంబ, సీసాకు అడ్డంగా కుర్చీ జరుపుకుని కూర్చుంటూ. ఆమె అడ్డం కూర్చుంటే దాటి వెళ్లడం ఎవరివల్లా కాదు.

మందు పడుతున్నకొద్దీ భీమేశ్వరరావు కోలుకున్నాడు. పేపర్లో సిరా తిరిగి వచ్చింది. చీమలు వాటి దారిన అవి పోయాయి. బుగ్గలు పూడాయి, ఒళ్లు నిండింది. ఆఫీసుకు వెళ్లగానే కాటా ఎక్కించారు. పోయినదంతా వచ్చి, పైన మరికొంత తోడైంది.

దానివల్ల జరిగిన మేలు చెప్పనలవి కాదు. ప్రమాణం మారదు కాబట్టి, కాజాలూ చెరుకురసమూ సేవించిన సిబ్బంది యావన్మందీ ఒక్కసారిగా సన్నబడ్డారని తేలింది. అప్పలనర్సు మంచం దిగాడు. పాండురంగం గారి కృషిని కొనియాడుతూ రాజధానినుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దానితోపాటే, ఎప్పుడో రాసిన ఉత్తరానికి జవాబూ వచ్చింది.

పాండురంగం గారు ఆ జవాబును తానే ఇంటికి తెచ్చి, హాల్లో నిలబడి చదివారు. "జిల్లా ప్రమాణమును చెక్కపెట్టెలో గడ్డి దట్టించి, లక్కతో సీలు చేసి, రైలు పార్శిలు ద్వారా పరీక్ష నిమిత్తము పంపవలెను. మార్గమధ్యమున పెట్టె తెరువరాదు."

మాణిక్యాంబ మొగుడి కేసి చూసింది. ఆయనకు పూటపూటకీ సూది, వేళకు తిండి.

భీమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "గడ్డి... పచ్చిదా, ఎండుదా అండీ?"

"ఎండుదే. తేమ తగలకూడదుగా."

"ఎండుదైతే ఫరవాలేదు మాణిక్యం. పచ్చిదైతే దురద."

అప్పుడామెకు ఈ ఇద్దరితోనూ వాదించి ప్రయోజనం లేదని అర్థమైంది. ప్రమాణాల మండలి వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడాలి. ఆమె పాండురంగం గారికి మజ్జిగ ఇచ్చి, మర్యాదగా అడిగింది.

"పెట్టె తెరిచేది రాజధానిలోనే కదండీ?"

"అవును."

"తెరిచి ఏం చూస్తారు?"

"బరువు చూస్తారు. ఇంకేం చూస్తారు?"

"మీరు చదివిన దాంట్లో ప్రమాణం అని ఉంది. మనిషని ఎక్కడన్నా ఉందా?"

పాండురంగం గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. ఎక్కడా లేదు. ఆయన నొసలు ముడిపడి, మెల్లగా విచ్చుకుంది. సందు దొరికిన అధికారి ముఖం అలాగే ఉంటుంది.

మాణిక్యాంబ వాళ్లను పెరట్లోకి తీసుకువెళ్లింది. అక్కడ ఆమె అత్తగారి నాటి రుబ్బురోలు ఉంది, మోకాలెత్తు, నల్లరాయి. "దీనికి దాహం వెయ్యదండీ. చెమట పట్టదు. కాజాలు అడగదు. మా ఆయనకన్న కాస్త తగ్గుతుందేమో, చూసుకోండి."

తూస్తే కాస్త తగ్గింది. తగ్గిన తూకం రాళ్లకు చేసినట్టే గుంటలో సీసం కరిగించి పోసి, మీద ముద్ర వేశారు. గడ్డి దట్టించి, సీలు చేసి పంపారు. పదిహేను రోజులకల్లా యోగ్యతాపత్రంతో తిరిగి వచ్చింది. "జిల్లా ప్రామాణిక మానవుని పరీక్షించడమైనది. తరుగు లేదు. మధుమేహ లక్షణములు లేవు. రక్తపోటు కనుగొనబడలేదు. ఇంతటి నిలకడ గల ఉద్యోగి ఇతర జిల్లాలకు ఆదర్శము."

రుబ్బురోలును ముఖమల్ కుర్చీలో కూర్చోబెట్టారు. సూరయ్య తొడుగులతో రోజూ తుడుస్తున్నాడు. జనం గాజుకవతల నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. భీమేశ్వరరావు జీపు పోయింది గాని, పాత తనిఖీలు తిరిగొచ్చాయి. జరీనా చెప్పినట్టు పొద్దున్నే నడవడం మొదలుపెట్టాడు, భార్యతో. మొదట్లో రెండు అడుగులు ముందు నడవబోయేవాడు గాని, ఆమె చేతిసంచి మోయడానికి ఇచ్చేసరికి పక్కనే నడవాల్సి వచ్చింది.

నెల తిరిగేసరికి ఆయన ఒక మెమో పట్టుకుని ఇంటికొచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి బిక్కమొహంతో చదివాడు.

"మోకాలెత్తు గల ప్రమాణము అంత బరువుండగా, అంతకు మూడు నాలుగింతలు ఎత్తున్న సిబ్బందియు, వారి కుటుంబములును ఉండవలసిన దానిలో మూడోవంతైనా లేనట్లు కనుగొనబడినది. ముఖ్యముగా తమ భార్య ప్రమాణము కన్న మిక్కిలి తక్కువగా ఉన్నారు. నెల దినములలో సరిచేయని యెడల..."

మాణిక్యాంబ పెనం మీద పెసరట్టు తిరగేసింది. "సూది వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఇప్పుడెలాగే? నువ్వే తక్కువట. మనిద్దరం కలిసి వెళ్తుంటే మళ్లీ నవ్వుతారే జనం."

"నవ్వనివ్వండి," అంది ఆమె, పళ్లెం ఆయన చేతికిస్తూ. "పిండి కాస్త బరకగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. మిక్సీలో వేశాను. రోలు మీ ఉద్యోగంలో ఉంది."